ఈగకి కడుపునొప్పి రాదా?

మొన్న ఉగాదినాడు మన సంఘం భోజనాలకు వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది. పులిహోర వడ్డన అయింది, బొబ్బట్లు వస్తున్నాయి. ఎక్కడినించో అరడజను ఈగలు కూడా వచ్చి పంక్తిలో కూర్చున్నాయి. పెద్దలందరం ఆకుల మీద చేతులు ఊపుతూ ఉంటే, మా పక్కన కూర్చున్న ఏడేళ్ళ పిల్ల మాత్రం తినడం మానేసి ఈగకేసి చూస్తూ అడిగింది: "డాక్టరుగారూ, ఈ ఈగ ఇందాక కాలవలో వాలింది. మురికి తిన్నది. మరి దానికి కడుపునొప్పి రాదా?"

పంక్తి అంతా నవ్వింది. వాళ్ళ నాన్నగారు "ముందు నువ్వు తిను" అని కసిరారు. మేమూ నవ్వేసి, "వస్తుందిలే అమ్మా" అని తప్పించుకున్నాం. ఇంటికొచ్చి పడుకున్న తరవాత గాని తెలియలేదు, ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదని. కర్నూలులో చదివిన వైద్యంలో మనిషి పేగు గురించి ఎన్ని పేజీలు బట్టీపట్టామో చెప్పలేం గాని, ఈగ పేగు గురించి ఒక్క వాక్యం లేదు. ఈగ మాకు శత్రువు. శత్రువు ఆరోగ్యం గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆ తరవాత కొన్ని రాత్రులు కూర్చుని చదివాం. సంపాదకులు మూడు నెలలుగా వ్యాసం అడుగుతున్నారు, మేము మూడు నెలలుగా ముఖం చాటేస్తున్నాం. రెండు బాకీలూ ఒకేసారి తీర్చేస్తున్నాం.

మనలో చాలామంది ఉండేది లమ్మడాలో, కాకపోతే దానికి రెండు మూడు వీధుల అవతల. లాన్మడో అన్న బర్మా పేరుని పాత తెలుగువాళ్ళు నోరు తిరిగినట్టు లమ్మడా చేసుకున్నారు, రంగూన్‌ని రంగం చేసినట్టే. ఒక పక్క రేవు, ఒక పక్క మొదటి వైద్య విశ్వవిద్యాలయం, మధ్యలో నిచ్చెనమెట్లలాంటి వీధులు. ముందువైపు చూస్తే బాగానే ఉంటుంది. వంటింటి కిటికీ తెరిస్తే మాత్రం రెండు వరసల ఇళ్ళ వీపుల మధ్య ఒక ఇరుకు సందు కనిపిస్తుంది. మురుగునీళ్ళు పోవడానికి తెల్లవాళ్ళ కాలంలో వదిలిన సందు అది. ఈమధ్య కొన్ని వీధుల్లో ఆ సందులు బాగుచేసి, గోడలకు రంగులు కూడా వేశారు. మా సందుకి ఇంకా ఆ యోగం పట్టలేదు. పై అంతస్తులనించి జారిన ప్లాస్టిక్ సంచులు, అన్నం మెతుకులు, చేపల పొట్టలు, వాటిమీద ఈగలు, చీకటి పడితే పిల్లి అంత ఎలుకలు. ఆ ఎలుకల సంగతి చివర్లో చెబుతాం.

ముందు ఈగ. ఈగకి పళ్ళు లేవు. వాలినచోట లాలాజలం కక్కి, పదార్థాన్ని కరిగించి, స్పంజిలాంటి మూతితో పీల్చుకుంటుంది. పీల్చినదంతా నేరుగా పేగులోకి పోదు. గొంతు పక్కన ఒక సంచి ఉంటుంది, మన కోడికి ఉండే మేత సంచి లాంటిదే. ముందు అందులో దాచుకుని, తరవాత తీరిగ్గా కొంచెం కొంచెంగా లోపలికి పంపుకుంటుంది, లేదా మళ్ళీ కక్కుకుంటుంది. ఈ సంచిని గుర్తుపెట్టుకోండి.

సంచి దాటి మధ్యపేగులోకి దిగిన సూక్ష్మజీవికి మొదట ఎదురయ్యేది ఒక గొట్టం. పేగు లోపల ఇంకో పేగు అనుకోండి. పీత పెంకులో ఉండే కైటిన్ అనే పదార్థంతో, కొన్ని ప్రోటీన్లతో నేసిన పలచటి పొర అది. తిన్న తిండి అంతా ఈ పొర లోపలే ఉంటుంది. పేగు గోడకు తగలదు. జీర్ణరసాలు, కరిగిన పోషకాలు దానిలోంచి అటూ ఇటూ పోతాయి గాని, బాక్టీరియా పట్టదు. మన ఆడవాళ్ళు మజ్జిగ వడకట్టే పలచని గుడ్డ ఉందే, అచ్చం అలాంటిది. ఈగలో ఈ గొట్టం ముందువైపు నిరంతరాయంగా తయారవుతూ, వెనకవైపు మలంతోపాటు పోతూ ఉంటుంది. ఆడదోమలో అలాకాదు. నెత్తురు తాగిన తరవాతే ఆ పొర పుట్టి నెత్తుటి ముద్ద చుట్టూ సంచిలా కట్టుకుంటుంది.

దోమ మాట వచ్చింది కాబట్టి ఒక్కమాట. ఆ దోమ పొట్టగోడ మీదనే, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని చూశాడు. మలేరియా క్రిమి బాక్టీరియా కాదు, దానికంటే గడుసుది. కైటిన్‌ని కరిగించే రసం ఒకటి దగ్గర ఉంచుకుని, ఆ పొరకు కన్నం వేసి అవతలకి పోతుంది. అది వేరే కథ. మళ్ళీ ఈగలోకి వద్దాం.

పేగు మధ్యలో ఒకచోట ఆమ్లం ఉంటుంది, మన జీర్ణకోశంలో లాగే. చాలా బాక్టీరియా అక్కడే చస్తుంది. చచ్చినదాన్ని ఈగ వృథా పోనివ్వదు. లైసోజైమ్ అనే పదార్థం మన కన్నీళ్ళలో, ఉమ్మిలో ఉండి బాక్టీరియా గోడల్ని కొరికేస్తుంది కదా, ఈగ దానిని ఏకంగా జీర్ణరసంగా వాడుకుంటుంది. అంటే మనం రోగమని భయపడేదాన్ని అది పప్పన్నంలా తింటున్నది. పెంటలో పుట్టి పెంటలో పెరిగే పురుగు కదా, బాక్టీరియా దానికి పుట్టింటి తిండి.

ఇక్కడిదాకా చదివినప్పుడు మాకు పెద్ద ఆశ్చర్యం వెయ్యలేదు. పొర, ఆమ్లం, రసం, ఇవన్నీ మనకూ ఏదో ఒక రూపంలో ఉన్నవే. మమ్మల్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది తరవాతి సంగతి. దానికి ముందు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మమ్మది హిందూపురం పక్క పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు. పురుగుల గదిలోకి మమ్మల్ని ఊరికే రానిచ్చేది కాదు. ప్రతి పంటకీ ముందు గది, తట్టలు, చంద్రికలు అన్నీ బ్లీచింగ్ పొడి నీళ్ళతో కడిగించేది. ఆ వాసన ఇప్పటికీ మా ముక్కులో ఉంది. ఒక ఏడాది ఎండలు ముదిరి, ఆకు కూడా తడిది వేశారో ఏమో, గూళ్ళు కట్టవలసిన వారంలో పురుగులు ఆకు ముట్టడం మానేశాయి. ఒళ్ళు మెత్తబడి, నల్లబడి, కుళ్ళిన వాసనతో తట్టలు తట్టలు పోయాయి. పేగులో బాక్టీరియా పెచ్చుపెరిగితే వచ్చే ఆ జబ్బుని ఫ్లాచరీ అంటారనీ, 1865 నుంచి కొన్నేళ్ళు పాశ్చర్ ఫ్రాన్సులో పట్టుపురుగుల జబ్బుల మీద పనిచేసినప్పుడు దీని వెంట కూడా పడ్డాడనీ మేము చాలా ఏళ్ళకు చదువుకున్నాం. ఆ రోజు మాత్రం అమ్మమ్మ ఆ తట్టలు గుంటలో పోయించి, సున్నం చల్లించి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పంట మీద అప్పు ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మమ్మ బకెట్లో కలిపిన ఆ బ్లీచింగ్ మందులో పనిచేసే పదార్థం హైపోక్లోరస్ ఆమ్లం. పళ్ళమీద ముసిరే చిన్న ఈగ ఉందే, శాస్త్రజ్ఞులు పరిశోధనలకు వాడే డ్రోసోఫిలా, అది సరిగ్గా ఆ పదార్థాన్నే తన పేగులో తానే తయారుచేసుకుంటుంది! పేగు గోడలోని డ్యూవాక్స్ అనే ఎంజైము ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇస్తుంది, దాంట్లోంచి ఈ బ్లీచింగ్ రసం వస్తుంది. (మన నెత్తుటిలోని తెల్లకణాలు కూడా బాక్టీరియాను మింగాక ఇదే రసంతో చంపుతాయి. వైద్యం చదివినవాళ్ళకు ఆ ముక్క తెలిసిందే.)

అయితే పేగులో ఉండే బాక్టీరియా అంతా చెడ్డది కాదు. పిల్ల ఎదగడానికి సాయపడే మంచి బాక్టీరియా కూడా అక్కడే కాపురం ఉంటుంది. అస్తమానం బ్లీచింగ్ పోస్తే వాళ్ళూ పోతారు, పేగు గోడా పోతుంది. మరి దొంగ ఎవరో దొర ఎవరో ఈగ ఎలా పోల్చుకుంటుంది? 2013లో దక్షిణ కొరియాలో లీ వన్‌జే బృందం దీనికి జవాబు చెప్పింది. చెడ్డ బాక్టీరియా యురాసిల్ అనే ఒక చిన్న పదార్థాన్ని బయటికి వదులుతుంది. కాపురం ఉండే మంచి బాక్టీరియా దాన్ని వదలదు. పేగు గోడ ఆ యురాసిల్ వాసన పట్టిందా, బ్లీచింగ్ కుళాయి తిప్పుతుంది. లేదా, కట్టేసి ఉంచుతుంది. మనవాళ్ళు బీడీ వాసనని బట్టి చీకట్లో ఎవరొచ్చారో చెప్పేవారు చూడండి, అలాగన్నమాట.

కుళాయి తిప్పడం ఎంత ముఖ్యమో కట్టడం అంతే ముఖ్యం. మిగిలిపోయిన పెరాక్సైడ్‌ని విరిచేసే ఇంకో ఎంజైము ఈగ పేగులో ఉంది. దాన్ని తీసేసిన ఈగలు మామూలు తిండిలో ఉండే బాక్టీరియాకే చచ్చిపోయాయి. శత్రువు చంపలేదు, తమ మందు తమకే విషమైంది.

ఇదికాక ఇంకో ఆయుధం ఉంది. బాక్టీరియా గోడ ముక్కలు తగలగానే పేగు కణాలు చిన్నచిన్న ప్రోటీన్లు వదులుతాయి. అవి బాక్టీరియా పొరకు చిల్లులు పొడుస్తాయి. ఇలాంటి వాటిని మొదట పురుగులోంచి తీసి, వాటి గుట్టు చెప్పినవాడు స్వీడన్‌లోని హాన్స్ బోమన్. 1981లో సిక్రోపియా అనే పెద్ద చిలుక గూడు పురుగులోంచి తీశాడు, కాబట్టి సిక్రోపిన్ అని పేరు. ఈ ఆయుధాలకు మీట ఎక్కడుందో వెతుకుతూ పోయిన స్ట్రాస్‌బర్గ్ ఆచార్యుడు జూల్స్ హోఫ్మన్‌కి 2011లో నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది. ఈగని తోలుకునేవాళ్ళమే గాని, ఈగని చూసి నోబెల్ తెచ్చుకున్నవాళ్ళున్నారని పిల్లలకు చెప్పండి.

ఈ మీటని కూడా ఈగ అదుపులో పెట్టుకుంటుంది. 2008లో ఆ కొరియా బృందమే ఈ అదుపుని తీసేసి చూసింది. ప్రోటీన్లు ధారాళంగా ఊరాయి. మంచిదే కదా అనుకుంటాం. జరిగిందేమిటంటే, మామూలుగా పేగులో ఎక్కువగా ఉండే సాధు బాక్టీరియా తగ్గిపోయింది. అంతవరకూ మూలన నక్కి ఉన్న ఒక దుష్ట జాతి ఆ ఖాళీలో పెరిగిపోయి, పేగు కణాలు చచ్చి, ఈగలు త్వరగా పోయాయి.

ఇది చదివినరోజు మాకు సిగ్గేసింది. ఎందుకో చెబుతాం. కిందటేడు వానాకాలంలో మూడేళ్ళ మా అబ్బాయికి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళ విరేచనాలు, నెత్తురు లేదు, జ్వరం లేదు, ఉప్పు చక్కెర నీళ్ళు పడితే సరిపోయే జబ్బు. ఆస్పత్రిలో ఇతరుల పిల్లలకు రోజుకు పదిసార్లు ఆ మాట చెప్పేది మేమే. సాయంత్రం హిందూపురం నుంచి ఫోను. "ఇంట్లో డాక్టర్లుండి పిల్లవాడికి మందివ్వరా?" రాత్రి పదకొండుకి ఎనిమిదోసారి పక్కబట్ట మార్చాక మా ధైర్యం దిగజారిపోయింది. బీరువాలోంచి యాంటీబయాటిక్ తీసి పోశాం. రెండు రోజుల్లో తగ్గవలసినది మూడు వారాలు నడిచింది. పిల్లవాడి బుగ్గలు పీక్కుపోయాయి. అది మందు వల్లనే అని ఒట్టు వేసి చెప్పలేం. కాని అదే సంగతి ఇంకొకరి ఇంట్లో జరిగి ఉంటే ఆ తల్లిదండ్రులను ఎన్ని మాటలనేవాళ్ళమో మాకు తెలుసు. ఈ వీధుల్లో మందుల దుకాణాలవాళ్ళు నాలుగైదు రంగుల బిళ్ళలు కలిపి చిన్న పొట్లాలు కట్టి అమ్ముతారు కదా, వాటిలో ఏముందో తెలియకుండా మింగవద్దని మీలో చాలామందికి మేము పాఠాలు చెప్పాం. ఆ పాఠాలు చెప్పిన మొహంతోనే ఇది రాస్తున్నాం.

సరే, ఈగ పేగులో యుద్ధం అయ్యాక? దెబ్బతిన్న కణాలు ఊడి పేగులోకి రాలిపోతాయి. గోడ అడుగున మూలకణాలు కాచుకుని ఉంటాయి. అవి గబగబ విభజన చెంది కొత్త గోడ కట్టేస్తాయి. ఈగ పేగులో మూలకణాలున్నాయని 2006లో రెండు బృందాలు వేర్వేరుగా కనిపెట్టాయి. ఇంకో చిత్రం కూడా ఉంది. సెరేషియా అనే బాక్టీరియా విషం తగిలితే కణాలు చావకుండా, తమలోని సరుకులో చాలాభాగం బయటికి కక్కేసి కాగితంలా పలచబడిపోతాయి. ఒక రోజులో మళ్ళీ నిండుకుంటాయి. పడవ మునిగేటప్పుడు బస్తాలు నీళ్ళలోకి తోసేసినట్టు.

ఇంతటి కోటలోనూ ఒక్కోసారి తలుపే శత్రువుకి తాళంచెవి. పచ్చని ఆకు తినే గొంగళిపురుగుల పేగులో ఆమ్లం బదులు గాఢమైన క్షారం ఉంటుంది. అదీ రక్షణే. కాని జపాన్‌లో ఇషివాటా 1901లో చచ్చిన పట్టుపురుగుల్లో చూసిన ఒక బాక్టీరియా, తన విషాన్ని స్ఫటికంలా కట్టి ఉంచుతుంది. ఆ స్ఫటికం కరగడానికి సరిగ్గా ఆ క్షారమే కావాలి! పురుగు తన రక్షణతో తానే ఆ విషాన్ని విప్పుకుంటుంది. 2002 నుంచి మన గుంటూరు, వరంగల్ రైతులు వేస్తున్న బీటీ పత్తిలో ఉన్నది ఆ బాక్టీరియా విషమే. తరవాత గులాబీ రంగు పురుగు దాన్ని కూడా తట్టుకోవడం నేర్చుకుంది, రైతు మళ్ళీ మొదటికొచ్చాడు.

ఇక ఎలుకలు.

ఇదే లమ్మడాలో మేము చూసే రోగుల్లో ఒక పెద్దావిడ ఉన్నారు. పుట్టింది ఇక్కడే. తెలుగు మాట్లాడతారు, రాయడం రాదు. వాళ్ళ తాతగారు కాకినాడ రేవులో ఓడెక్కి వచ్చి బియ్యపు మిల్లులో చేరినవారు. ఒకరోజు మందు రాస్తూ ఉంటే సందులోంచి ఎలుక ఒకటి గది గుమ్మం దాటింది. మేము కాళ్ళు పైకి లాక్కున్నాం. ఆవిడ నవ్వలేదు. "నడిచే ఎలకకి భయం లేదు బాబూ. మా తాత చెప్పేవోడు, పైకప్పులోంచి ఎలక రాలి పడితే చాప చుట్టుకుని ఇల్లు ఇడిచి పోవాలని" అన్నారు.

రంగూన్‌లోకి ప్లేగు వచ్చింది 1905లో. మన కోరంగి, కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కూలీలు రేవు దగ్గరి బస ఇళ్ళలో ఒక్కొక్క గదిలో వంతులవారీగా పడుకునే రోజులు. 1931 లెక్కల్లో ఈ నగరంలో సగానికి పైగా భారతీయులే. మిల్లుల్లో బియ్యం, బియ్యానికి ఎలుకలు, ఎలుకల పక్కనే మనవాళ్ళు. ఆ ఇళ్ళలో పోయినవాళ్ళ పేర్లు ఏ రాతిమీదా లేవు.

ఎలుకనించి మనిషికి ప్లేగు తెచ్చేది ఎలుక ఒంటిమీద బతికే, రెక్కలులేని, దూకే చిన్న పురుగు. ఫ్లీ అంటాం. 1898లో కరాచీలో సైమండ్ అనే ఫ్రెంచి డాక్టరు ఆ మాట అంటే చాలామంది నమ్మలేదు. రంగూన్‌లో ప్లేగు దిగిన 1905లోనే బొంబాయిలో కొత్త పరిశోధక సంఘం పని మొదలుపెట్టి, ఆయన మాట నిజమని తేల్చింది. కాని ఆ పురుగు పేగులో ఏం జరుగుతుందో 1914లో గాని తెలియలేదు. బేకట్, మార్టిన్ అనే ఇద్దరు దాన్ని కోసి చూశారు.

ప్లేగు బాక్టీరియాకి ఒక దాయాది ఉంది. అది మనుషులకు కడుపు జబ్బు చేసే మామూలు క్రిమి. ప్రయోగంలో ఫ్లీ పురుగుకి దాన్ని తాగిస్తే పురుగుకే జబ్బు చేస్తుంది. కొన్నిటికి విరేచనాలు కూడా అవుతాయి, కొన్ని చచ్చిపోతాయి. (అమ్మా, విన్నావా? కడుపునొప్పి వస్తుంది, ఈగకి కాకపోయినా దాని చుట్టానికి!) ఈ దాయాదినించే కొద్ది వేల ఏళ్ళ కిందట ప్లేగు క్రిమి విడిపోయింది. విడిపోయేటప్పుడు పురుగుకి విషమైన గుణాన్ని వదిలేసుకుంది. పురుగు పేగులో తనను కాపాడుకునే ఒక ఎంజైముకి జన్యువు సంపాదించుకుంది. జిగురుగా ముద్దకట్టే నేర్పుకి అడ్డుపడేవాటిని పారేసుకుంది. అంటే, బాక్టీరియాని కాల్చి, తోసి పారేసే ఆ పేగులో, చంపకుండా చావకుండా ఉండడం నేర్చుకుంది.

ఆ పేగు ముఖద్వారంలో ముళ్ళున్న కవాటం ఒకటి ఉంటుంది. ప్లేగు క్రిములు ఆ ముళ్ళకి జిగురుతో అంటుకుని పెరిగి పెరిగి దారి మూసేస్తాయి. పురుగు నెత్తురు పీలుస్తుంది; లోపలికి పోదు. వెనక్కి తన్ని, క్రిములతో సహా కుట్టినచోటనే పడుతుంది. ఆకలి తీరదు, మళ్ళీ కుడుతుంది. ఒకరిని కాదు, దొరికినవాళ్ళనల్లా. అలా కుట్టి కుట్టి చివరికి ఆకలితో ఎండి చస్తుంది. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడితే ఈ ఆకలిగొన్న పురుగులన్నీ దిగి, దగ్గర ఏ వెచ్చటి ఒళ్ళుంటే దానిమీదికి దూకుతాయి. ఆ పెద్దావిడ తాతగారికి కవాటాలూ తెలియవు, జన్యువులూ తెలియవు. ఎలుక రాలితే చాప చుట్టమన్నారు. బొంబాయి డాక్టర్లకంటే ఆ చాప ఏమంత వెనకబడలేదు.

ఈ నగరంలో ఇప్పుడు మనం ప్లేగుకి భయపడవలసిన పని లేదు. దానికి మందులున్నాయి. సందు శుభ్రం చేయించమని మా ఇంటివారితో, పై అంతస్తువాళ్ళతో చెప్పి చెప్పి అలసి, కిందటి ఆదివారం నలుగురం డబ్బులు వేసుకుని ఇద్దరు మనుషులను పెట్టి తీయించాం. పదహారు బస్తాలు వెళ్ళింది. బుధవారానికి మళ్ళీ మూడు సంచులు జారాయి.

ఆ పిల్ల మొన్న వాళ్ళ అమ్మతో మా ఇంటికి వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పాం. ఈగ లోపల వడకట్టు గుడ్డ ఉంది, బ్లీచింగ్ ఉంది, కొత్త గోడ కట్టే మేస్త్రీలున్నారు, అందుకే దానికి అంత తొందరగా కడుపునొప్పి రాదన్నాం. కాని గొంతు పక్కన సంచి ఉంది కదా, ఆ సంచిలో ఈ కాపలా అంతగా లేదు, అందులో దాచుకున్న మురికినే మన బొబ్బట్టు మీద కక్కుతుంది, కాళ్ళకు అంటినది సరేసరి, అన్నాం. శ్రద్ధగా విన్నది. లేచి వెళ్ళి బల్లమీద కోసి ఉంచిన మామిడిపండు ముక్కల మీద పళ్ళెం బోర్లించి వచ్చి, మళ్ళీ కూర్చుని అడిగింది:

"మరి బొద్దింకకో?"